అరగాలను ఆశ

కొలరాడోలో ఉద్యోగం చేసే రోజుల్లో మా అపార్ట్‌మెంటు దగ్గర ఒక చిన్న బ్రూవరీ ఉండేది. వాళ్ల బీరు బయట షాపుల్లో దొరకదు. అక్కడే కూర్చుని తాగాలి, లేదంటే గ్రౌలర్‌లో పట్టించుకుని ఇంటికి తెచ్చుకోవాలి. గ్రౌలర్ అంటే పిడి ఉన్న గోధుమరంగు గాజు సీసా. అరగాలను పడుతుంది. 64 ఔన్సులు, మన లెక్కలో దాదాపు 1.9 లీటర్లు. 1989లో వయోమింగ్‌లో ఓటో సోదరులు తమ బీరును ఇలాంటి సీసాల్లో అమ్మడం మొదలుపెట్టారు, తర్వాత దేశమంతా ఆ అలవాటు పాకింది.

32 ఔన్సుల చిన్న సీసా కూడా ఉండేది. కానీ దాన్ని నింపడానికి పెద్దదాని ధరలో సగం కంటే బాగా ఎక్కువే తీసుకునేవారు. ఔన్సు లెక్క చూసుకుంటే పెద్దదే లాభం. పెద్దదే కొన్నాను. మీరైనా అదే కొనేవారు.

ఇంట్లో తాగేది నేనొక్కణ్ణే. శుక్రవారం రాత్రి మూత తీస్తే నేను తెచ్చుకునే ఐపీఏ రకం బీరు నుంచి బత్తాయి తొక్క గిల్లిన వాసన గుప్పున వచ్చేది. ఒక గ్లాసు తాగి, మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెట్టేవాణ్ణి. శనివారానికి నురగ తగ్గేది. ఆదివారానికి చప్పబడిపోయి, తడిసిన అట్టపెట్టె వాసన వేసేది. డబ్బు పెట్టి కొన్నానుగా, పారబొయ్యడానికి మనసొప్పక అదే తాగేవాణ్ణి. అసలు ఆ బీరే అంత అనుకునేవాణ్ణి.

ఒక ఆదివారం ఆఫీసులో సీనియర్ ఒకాయన భోజనానికి వచ్చారు. గుంటూరాయన, ఇంట్లోనే బీరు తయారుచేసుకుంటారు. గొప్పగా చెప్పి గ్లాసు చేతికిచ్చాను. ఒక్క గుక్క తాగి పక్కన పెట్టారు.

“ఇది ఎప్పుడు తెరిచావు తమ్ముడూ?”

“శుక్రవారం అన్నా. మూత గట్టిగానే పెట్టాను.”

ఆయన సీసా అందుకుని దీపానికి అడ్డంగా పట్టుకున్నారు. అడుగున నాలుగు వేళ్ల బీరు, పైనంతా ఖాళీ. “బీరు తగ్గేకొద్దీ అందులోని గ్యాసు ఈ ఖాళీలోకి చేరుతుంది. నువ్వు మూత తీసినప్పుడల్లా అది పోయి గాలి దూరుతుంది. గాలి తగిలితే ముందు పోయేది బీరులో వేసే హాప్స్ పూల వాసనే. మూత ఎంత బిగిస్తే ఏం లాభం?”

ఆ నాలుగు వేళ్ల బీరు చూస్తూ నా లాభం లెక్క మళ్లీ వేసుకున్నాను. బీరులా ఉన్నది శుక్రవారం గ్లాసు ఒక్కటే. ఆ ఒక్క గ్లాసుకు సీసా మొత్తం ధర కడుతున్నాను. పైగా ఎవరో శ్రద్ధగా తయారుచేసిన మంచి బీరును నేనే పాడుచేసి, అదే దాని రుచి అనుకుని, ఇంటికొచ్చిన మనిషి చేతిలో పెట్టాను. అదే ఎక్కువ బాధనిపించింది.

ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఇప్పుడు 32 ఔన్సుల క్రౌలర్ తెచ్చుకుంటాను. అది అల్యూమినియం డబ్బా. బారులోనే కార్బన్ డయాక్సైడ్ పట్టి, బీరు నింపి, అక్కడికక్కడే మూత బిగిస్తారు. తెరిస్తే మళ్లీ మూసే వీల్లేదు, కాబట్టి ఆ రాత్రే పూర్తవుతుంది. పది శాతం ఆల్కహాలుండే ఇంపీరియల్ స్టౌట్ అయితే ఒక మనిషికి అదీ ఎక్కువే, ఇద్దరుంటేనే తెస్తాను. పెద్ద సీసా నలుగురు కలిసే రోజుకు. 64 ఔన్సులంటే తలా ఒక పింటు. నింపించిన ఒకటి రెండు రోజుల్లోనే తెరుస్తాం, భోజనం వడ్డించేలోపు ఖాళీ అవుతుంది.