కాటా ముల్లు కదలదేం?

"వార్షికోత్సవ సంచికకు మీ బ్యాచ్ తరఫున ఏదన్నా రాయండన్నా" అని సంచిక పని చూస్తున్న తమ్ముళ్లు అడిగినప్పుడు మాకు రెండు మూడు సంగతులు తట్టాయి. ఆనాటి హాస్టల్ కష్టాలు రాద్దామంటే ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, చదివి చదివి మీకూ విసుగొచ్చి ఉంటుంది. ఉద్యోగం ఎలా కొట్టాలో చెప్పే పెద్దలు వేదిక మీద ఎలాగూ ఉంటారు. అందుకని ఇంతవరకు ఎవరూ రాయని సంగతి, మా పొట్టల సంగతి రాస్తున్నాం. నవ్వుకోండి, ఫర్వాలేదు. నవ్వినా చివరిదాకా చదవండి.

మేము 1990లో ఈ హాస్టల్ నుంచి పదో తరగతి పాసైన వాళ్లం. ఇద్దరు టీచర్లు, ఒక ఆర్టీసీ కండక్టర్, ఒక రెవెన్యూ ఆఫీసు గుమాస్తా, ఒక బ్యాంకు అటెండర్, ఒక లారీ డ్రైవర్, ఎరువుల దుకాణం పెట్టుకున్నవాడొకడు. మొత్తం ఏడుగురం. ఎనిమిదోవాడు 2022లో గుండెపోటుతో పోయాడు. నలభై ఏడేళ్లు. పిల్ల పెళ్లి ఇంకా కాలేదు. వాని దశదినకర్మ నాడు ఆకుల ముందు కూర్చున్న మేము ఒకరి పొట్ట ఒకరం చూసుకున్నాం. ఎవరూ ఏమీ అనలేదు గానీ అందరికీ అదే ఆలోచన వచ్చిందని తర్వాత తెలిసింది. ఆ నెలలోనే పరీక్షలు చేయించుకున్నాం. ఏడుగురిలో నలుగురికి షుగరు, ముగ్గురికి బీపీ తేలింది. డాక్టరు అందరికీ ఒకటే మాట చెప్పాడు, "బరువు తగ్గాలి, అన్నం తగ్గించాలి."

అన్నం తగ్గించాలి! తమ్ముళ్లూ, ఈ మాట మాకు ఎట్లా వినపడిందో మీకు చెప్పాలి. ఇప్పుడు మీకు 2015 నుంచి సన్నబియ్యం వండుతున్నారు, 2024 చివర్లో మెస్ చార్జీలు 40 శాతం పెంచారు. చాలదని మీరంటారు, నిజమే. కానీ మేము తిన్నది దొడ్డుబియ్యం, అదీ ముక్కవాసన వచ్చేది. పప్పు గిన్నెలో గరిటె వేస్తే అడుగున పప్పు ఎక్కడుందో వెతకాల్సి వచ్చేది. రెండోసారి పెట్టించుకోవాలంటే మొదటిసారి పెట్టింది తొందరగా మింగాలి, లేకపోతే గుండిగ ఖాళీ. ఆ తొందర మాలో ఇప్పటికీ పోలేదు. పెళ్లిళ్లలో చూడండి, హాస్టల్లో పెరిగినవాడు పది నిమిషాల్లో లేచిపోతాడు. కంచంలో మెతుకు వదలడు. అట్లాంటివాళ్లని "సగం కంచం చాలు, మిగతాది వదిలెయ్" అంటే చెయ్యి ఎట్లా ఆగుతుంది?

ఇంకొకటి, మన ఊళ్లలో లావుగా ఉన్నవాణ్ని చూస్తే "మంచిగున్నడు" అంటారు. సన్నబడితే "ఏమైంది బిడ్డా, పానం బాగలేదా, పైసల ఇబ్బందా?" అని అడుగుతారు. మా టీచర్ మిత్రుడు నాలుగు కిలోలు తగ్గి ఊరికి పోతే వాళ్లమ్మ ఏడ్చింది. కోడలు సరిగా పెట్టడం లేదని అనుకుంది. కూలికి పోయి, గంజి తాగి కొడుకును చదివించిన తల్లి ఆమె. కొడుకు పొట్టే ఆమె సంపాదన. ఆ పొట్ట కరగాలంటే ఆమెకెట్లా చెప్పాలి? చివరికి షుగరు పేరు చెబితే ఒప్పుకుంది, ఎందుకంటే అదే షుగరుతో వాళ్ల తమ్ముడి కాలు తీసేశారు.

సరే, 2023 జనవరిలో మొదలుపెట్టాం. పొద్దున ఐదున్నరకు గ్రౌండులో గంట నడక, రాత్రి అన్నం బదులు రెండు జొన్నరొట్టెలు, చక్కెర బంద్. కండక్టర్ మిత్రుడు ముల్లు ఉన్న బరువు మిషన్ కొన్నాడు. వాని లెక్కే ఇక్కడ రాస్తున్నాం, ఎందుకంటే టిక్కెట్లు కొట్టిన చెయ్యి కాబట్టి వాడొక్కడే నోటుబుక్కులో సరిగ్గా రాసుకున్నాడు. మొదలుపెట్టిన రోజు 88 కిలోలు. నెల తిరిగేసరికి 85. అందరం గంతులేశాం. ఈ లెక్కన దసరాకు హాస్టల్ నాటి నిక్కర్లు తొడుక్కోవచ్చు అనుకున్నాం. రెండో నెల 84. మూడో నెల 83.6. నాలుగో నెల ముల్లు అక్కడే నిలబడింది. ఐదో నెల కూడా అక్కడే. అదే నడక, అవే రొట్టెలు. "మిషన్ కరాబైంది" అని లారీ మిత్రుడన్నాడు. పది కిలోల బియ్యం సంచి పెట్టి చూశాం. సరిగ్గా పది చూపించింది.

ఇక్కడే చాలామంది మానేస్తారు. మాలోనూ ఇద్దరు మానేద్దామన్నారు. సైన్సు చెప్పే టీచర్ మిత్రుడు మాత్రం ఆదివారం నాడు గ్రౌండు గట్టు మీద కూర్చోబెట్టి లెక్క చెప్పాడు. అది మీకు కూడా పనికొస్తుంది, మీ ఇంట్లో అమ్మకో నాన్నకో చెప్పడానికి.

మొదటి నెల తగ్గిన మూడు కిలోల్లో కొవ్వు కొంతే. ఒంట్లో పిండిపదార్థం కండల్లో, కాలేయంలో నిల్వ ఉంటుంది, ఒక్కో గ్రాముతో పాటు దాదాపు మూడు గ్రాముల నీళ్లు పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గించగానే ముందు ఆ నిల్వ కరుగుతుంది, దానితో నీళ్లూ పోతాయి. అందుకే మొదటి నెల అంత జోరు. అసలు కొవ్వు అట్లా పోదు. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 క్యాలరీలు ఖర్చు కావాలి. ఎనభై కిలోల మనిషి గంట నడిస్తే అయ్యే ఖర్చు 250 దాకా ఉంటుంది. అందులో ఊరికే కూర్చున్నా అయ్యే ఖర్చు ఒక 80 తీసేయండి. మిగిలింది 170. నెలంతా ఒక్కరోజు కూడా తప్పకుండా నడిస్తే 5,100. అంటే ముప్పావు కిలో కూడా కాదు. ఇక చాయ్ సంగతి. రెండు చెంచాల చక్కెర వేసిన చాయ్‌లో చక్కెర వల్లనే 40 క్యాలరీలు. రోజుకు నాలుగు చాయ్‌లు తాగితే 160. గంట నడక, నాలుగు చాయ్‌ల చక్కెర సరికి సరి! ఆఫీసులో ఎవరు వచ్చినా చాయ్ తెప్పించే గుమాస్తా మిత్రుడు ఈ లెక్క విన్నాక కాసేపు మాట్లాడలేదు.

నూనె లెక్క ఇంకా భయంకరం. పిండిపదార్థమైనా మాంసకృత్తులైనా గ్రాముకు 4 క్యాలరీలు, నూనె గ్రాముకు 9. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు వాడితే తలకు లీటరు. అంటే మనిషికి 8,000 పైచిలుకు క్యాలరీలు, కిలో కొవ్వు కంటే ఎక్కువే. అందరూ అన్నాన్ని తిడతారు గానీ కూరలో తేలే నూనెను ఎవరూ ఏమీ అనరు. జొన్నరొట్టె సంగతి కూడా చెప్పుకోవాలి. రొట్టె తింటే సన్నబడతారని అందరూ అంటారు. వంద గ్రాముల జొన్నపిండికీ వంద గ్రాముల బియ్యానికీ క్యాలరీల్లో పెద్ద తేడా లేదు. రొట్టెలో పీచు ఎక్కువ, నమిలి తినాలి, రెండింటికే కడుపు నిండుతుంది. మేలు అందులో ఉంది. నాలుగు తింటే ఆ మేలూ ఉండదు.

మరి ముల్లు పూర్తిగా ఎందుకు నిలబడింది? బరువు తగ్గిన ఒంటికి ఖర్చు తగ్గుతుంది. 88 కిలోలను మోసుకుని నడవడానికీ 83 కిలోలను మోయడానికీ తేడా లేదా? లారీ మిత్రునికి ఇది వెంటనే అర్థమైంది, "లోడు తగ్గితే డీజిలు తక్కువ పడతది" అన్నాడు. అంతేకాదు, తిండి తగ్గిందని తెలిసిన ఒళ్లు అంతకు మించి పొదుపు చేస్తుంది. అమెరికాలో బరువు తగ్గే పోటీ ఒకటి టీవీలో వచ్చేది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ప్రకటించారు. వాళ్ల బరువుకు ఉండాల్సిన దానికంటే వాళ్ల ఒళ్లు రోజుకు దాదాపు 500 క్యాలరీలు తక్కువ ఖర్చు చేస్తోంది. వాళ్లు చాలా వేగంగా, చాలా ఎక్కువ తగ్గినవాళ్లు, మనతో పోల్చలేం. అయినా కరువు చూసిన ముసలమ్మ గింజ గింజ దాచినట్టు ఒళ్లు దాచుకుంటుందన్నది మాత్రం నిజం. మా వంటి ఒళ్లకు కరువు కొత్తేమీ కాదు కదా.

ఒంటి సంగతి వచ్చింది కాబట్టి ఇదొకటి చెప్పాలి. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫోటో వచ్చింది, పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరిదీ ఒకటే అంకె, 22.3. కానీ ఒంట్లో కొవ్వు చూస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనపడే మన దేశపు మనిషి లోపల అంత కొవ్వు ఉంటుంది, ఎక్కువగా పొట్ట దగ్గర. అందుకే మనవాళ్లలో మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడమంటున్నారు. అప్పటినుంచి మేము మిషన్‌తో పాటు దర్జీ టేపు కూడా వాడుతున్నాం. ముల్లు కదలని ఆ రెండు నెలల్లో కండక్టర్ నడుము మూడు సెంటీమీటర్లు తగ్గింది! బెల్టుకు కొత్త రంధ్రం పొడిపించుకుని వచ్చి అందరికీ చూపించాడు.

మందుల సంగతి కూడా రాయాలి. షుగరు మాత్రల్లో గ్లిమిపిరైడ్ లాంటివి, ఇన్సులిన్ కూడా, బరువు పెంచుతాయి. అట్లాగని ఎవరూ సొంతంగా మానకూడదు, డాక్టరునే అడగాలి. ఆ మాత్ర వేసుకునే అటెండర్ మిత్రుడు రాత్రి తిండి బాగా తగ్గించేసరికి ఒకరోజు పొద్దున గ్రౌండులో కళ్లు తిరిగి కూలబడ్డాడు, చెమటలు పట్టాయి. జేబులో చాక్లెట్ ఉన్న కుర్రాడు పక్కనే ఉన్నాడు కాబట్టి సరిపోయింది. తర్వాత డాక్టరు మాత్ర మోతాదు తగ్గించాడు.

ఆ కుర్రాడు ఎవరో కాదు, మన హాస్టల్ పూర్వ విద్యార్థే. కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రాక్టీసు చేస్తున్నాడు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలన్నారు. మేము గ్రౌండు రెండు రౌండ్లు నడిచేలోగా వాళ్లు ఐదు పరుగెత్తుతారు. మమ్మల్ని దాటిపోతూ "జర జరగండి బాబాయ్" అంటారు. అన్నా అనే వయసు దాటిపోయిందన్నమాట!

ఆరో నెల నుంచి కొన్ని మార్చాం. నూనె మనిషికి నెలకు అర లీటరు చేశాం. ఇది ఇంట్లో ఆడవాళ్ల పుణ్యమే, మాది ఒప్పుకోవడం వరకే. పూటపూటకూ పప్పో, గుడ్డో, పెరుగో తప్పకుండా ఉండేలా చూసుకున్నాం, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. వారానికి రెండు రోజులు నడక బదులు ఇటుకలు పట్టుకుని గుంజీలు, దండాలు. మధ్యాహ్నం అన్నం మాత్రం మానలేదు, ఒక గిన్నెతో కొలిచి పెట్టించుకుంటాం. అన్నం పూర్తిగా మానమంటే మాత్రం మేము ఒప్పుకోం. ఆ అన్నం కోసమే కదా ఊరు విడిచి ఇక్కడికి వచ్చింది.

మళ్లీ ముల్లు కదిలింది. నెలకు పావు కిలో, అర కిలో. దసరా నెలలో, బోనాల నెలలో వెనక్కి కూడా పోయింది. ఇప్పుడు కండక్టర్ 79 దగ్గర పదకొండు నెలలుగా ఆగి ఉన్నాడు. కానీ మూడు నెలల షుగరు పరీక్షలో 8.1 ఉన్నది 6.6కు వచ్చింది. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం షుగరు అంచున ఉన్నవాళ్ల మీద చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో మూడేళ్లలో షుగరు వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ల బరువు మాత్రం పెద్దగా తగ్గలేదు! ఈ సంగతి తెలిసిన రోజు కండక్టర్ అందరికీ చక్కెర లేని చాయ్ పోయించాడు.

ఇప్పుడు హాస్టల్లో ఉన్న మీకు ఒక మాట. ఇదంతా యాభై ఏళ్లవాళ్ల గొడవ. మీరు ఎదిగే పిల్లలు, ఎవరూ తిండి తగ్గించకండి, గుడ్డు వచ్చిన రోజు గుడ్డు వదలకండి. గదిలో లావుగా ఉన్న తమ్ముణ్ని పేరు పెట్టి ఏడిపించకండి, వాడు తినే కంచం మీరు తినే కంచమే. ఇంటికి పోయినప్పుడు మీ అమ్మానాన్నలను సర్కారు దవాఖానలో షుగరు, బీపీ చూపించుకోమనండి, పైసలు తీసుకోరు.

పూర్వ విద్యార్థులు ఎవరైనా సరే, ఏ బ్యాచ్ వాళ్లయినా సరే, ఆదివారం పొద్దున ఐదున్నరకు గ్రౌండుకు రావచ్చు. మిషన్, టేపు మా దగ్గర ఉన్నాయి. చెప్పులతో కాకుండా బూట్లతో రండి, తుమ్మముళ్లు బాగా ఉన్నాయి.

– 1990 పదో తరగతి బ్యాచ్