నీడకి రెండు పేర్లు

పోయిన వారం మా మనవరాలి ఇంగ్లీషు నోటుబుక్కు తిరగేశాను. ‘మేము చెట్టు నీడలో కూర్చున్నాం’ అన్న వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చమని ఇచ్చారు. పిల్ల ‘షాడో’ అని రాసింది. దాని మీద ఎర్రసిరాతో రెండు అడ్డగీతలు, పక్కన ‘షేడ్’ అని దిద్దుబాటు, ఒక మార్కు కోత. చూడగానే మనసు చివుక్కుమంది. యాభై ఏళ్ల కిందట, ఎనిమిదో తరగతిలో, ఇలాంటి వాక్యానికే ఇదే మాట రాసినందుకు నన్ను బడి ముందు ఎండలో నిలబెట్టారు. ఏప్రిల్ నెల, పదకొండు గంటల వేళ. కాళ్లు బొబ్బలెక్కుతున్నాయి. నా ఆకారం పొట్టిగా, నల్లగా పాదాల పక్కన పడి ఉంది. పది బారల దూరంలో కానుగ చెట్టు, దాని కింద ఎవరిదో మేక నెమరేస్తూ పడుకుని ఉంది. ఆ పీరియడు అయ్యేలోపు రెండు మాటల తేడా నాకు బాగానే తెలిసింది. నా దగ్గరున్నది షాడో, మేకకి దొరికింది షేడ్. తెలియజెప్పిన పద్ధతిని మాత్రం ఈనాటికీ క్షమించలేదు. తెలుగు పిల్లలు ఆ తప్పు తెలివి లేక చెయ్యరు. వాళ్ల భాషలో రెంటికీ ఒకటే మాట ఉంది కనక చేస్తారు.

“నీడంటే నీడే కదా తాతయ్యా, వాళ్లకి రెండెందుకు?” అంది పిల్ల.

దీపానికో ఎండకో ఏదైనా అడ్డొస్తే నేలమీదో గోడమీదో పడే ఆకారం షాడో అని చెప్పాను. దానికి అంచులుంటాయి. ఇది నాది, అది నీది అనుకోవచ్చు, ఒకటి రెండని లెక్కపెట్టొచ్చు. కరెంటు పోయిన రాత్రి కొవ్వొత్తి ముందు వేళ్లు ముడిచి గోడమీద జింకని ఆడిస్తే అది షాడో. తోలుబొమ్మలాటలో, బొమ్మకి రంగులున్నా సరే, తెరమీద కదిలేదాన్నీ ఇంగ్లీషువాళ్లు ఆ పేరుతోనే పిలుస్తారు. షేడ్‌కి ఆకారంతో పనిలేదు. అది ఎండ తగలని చోటు, ఆ చోట ఉండే చల్లదనం. దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. అందులో మంచం వాల్చుకుంటారు, గేదెని కట్టేస్తారు, చంటిపిల్లకి ఉయ్యాల వేస్తారు.

పుట్టుకతో ఈ రెండూ ఒకే మాట. పాత ఇంగ్లీషులో నామవాచకాలకి విభక్తులుండేవి. ఆ మాట కర్తగా వచ్చినప్పటి రూపం నుంచి షేడ్ పుట్టింది, విభక్తి చేరినప్పటి రూపం నుంచి షాడో పుట్టింది. మనకి ‘ఇల్లు’ ఉంది, ‘కి’ చేరితే ‘ఇంటికి’ అవుతుంది. ‘నోరు’ ఉంది, ‘లో’ చేరితే ‘నోటిలో’ అవుతుంది. మన వ్యాకరణంలో ఔపవిభక్తికాలంటే ఇవే. రేపెప్పుడో ‘ఇల్లు’ అంటే కట్టడమనీ ‘ఇంటి’ అంటే అందులోని కాపురమనీ విడదీసుకుని వాడుకుంటే ఎలా ఉంటుందో, వాళ్లు అదే చేశారు. పచ్చికబయలుకి వాళ్లు వాడే మీడ్, మెడో అన్న మాటల కథా ఇదే. మనం రోజూ అనే ‘షెడ్డు’ కూడా షేడ్‌కి ఇంకో రూపమే అయి ఉండాలని నిఘంటుకారులు అంటారు. మండుటెండలో రేకుల షెడ్డు కింద కూర్చున్నవాళ్లకి ఆ చుట్టరికం నమ్మబుద్ధి కాదు.

వేరుపడ్డాక కూడా వాళ్లకి హద్దు చాలాకాలం కుదరలేదు. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో పరమగీతం రెండో అధ్యాయం చూడండి. ఆ అమ్మాయి తన ప్రియుణ్ణి ఆపిల్ చెట్టుతో పోల్చి, ఆ నీడన కూర్చున్నానని చెప్పే చోట అనువాదకులు వాడింది షాడో అనే మాటే. నాలుగు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషులో మా మనవరాలి వాక్యం చెల్లేది! పోయిన మార్కు తిరిగి ఇమ్మని నేనడగను. ఈ మాటకి ఇంత కథ ఉందని క్లాసులో ఒక్క నిమిషం చెప్పి ఉంటే, ఎర్రసిరాతో పని ఉండేది కాదు.

మన నీడ ఇంకా పెద్దది. నీళ్లలో కనపడేదీ నీడే. కుందేలు మాట విని సింహం బావిలోకి తొంగి చూసింది తన నీడనే. అర్జునుడు మత్స్యయంత్రాన్ని కొట్టిందీ నీటిలో నీడ చూసే. ఇల్లు పోయినవాణ్ణి ‘నిలువ నీడ లేనివాడు’ అంటాం. అక్కడ నీడంటే ఏకంగా ఆశ్రయం. ఇక ‘తోడూ నీడా’ ఉంది. అందులో నీడ షాడోనే, ఎప్పుడూ వెంట ఉంటుంది కాబట్టి, అంటుంది మా ఆవిడ. నేను ఒప్పుకోను. వెంట ఉండే పని తోడు చూసుకుంటుంది, అదే పని ఇంకోసారి చెప్పడమెందుకు? అది చెట్టు నీడ. అలిసి వచ్చినవాడికి కాస్త చల్లగా ఉండే చోటు. పెళ్లిలో పెద్దలు ఆ మాట అన్నప్పుడల్లా నాకు కనపడేది కానుగ చెట్టే.

రెండు మాటలూ పూర్తిగా విడిపోయే రోజు మనకి ఏటా రెండుసార్లు వస్తుంది. హైదరాబాదులో మే 9 ప్రాంతాన ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతాన ఇంకోసారి, మధ్యాహ్నం పన్నెండుంబావు వేళకి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా పాతిన కర్రకి ఆ నిమిషంలో నీడ పడదు. కర్కట, మకర రేఖల మధ్య ఉన్న ఊళ్లకే ఆ యోగం, లండనుకి ఏనాడూ లేదు. కర్రకి షాడో లేని ఆ నిమిషంలో కూడా చెట్టు కింద షేడ్ ఉంటుంది. పిల్లలకి తేడా చెప్పాలంటే ఆ రోజు ఆరుబయటికి తీసుకెళ్లి చూపిస్తే చాలు.

మా వీధి చివర బస్టాపులో నిరుటిదాకా వేపచెట్టు ఉండేది. ముగ్గురు మనుషులు చేతులు కలిపితే గాని అందని మాను. రోడ్డు వెడల్పు చేస్తామని కొట్టేశారు. దాని బదులు నిలబెట్టిన ఇనప పందిరి నీడ, జనం ఎక్కువగా ఉండే వేళకి వెనకాల మురిక్కాలవ మీద పడుతుంది. అందుకని ఎండ ముదిరే వేళకి అక్కడ జనం కరెంటు స్తంభం నీడలో, ఒకరి వెనక ఒకరు, వరసగా నిలబడతారు. ముందు ఓ ముసలమ్మ, ఆమె వెనక చంకలో బిడ్డతో ఇంకొకామె, ఆ వెనక కాలేజీ పిల్లలు. సూర్యుడు జరిగినకొద్దీ వరస మొత్తం జరుగుతుంది. మే 9 మధ్యాహ్నం వాళ్లకి ఆ జానెడు నీడా ఉండదు.

రోడ్డుకి అవతలి వైపు ఇంకా రెండు కానుగ చెట్లు మిగిలి ఉన్నాయి. వాటి మానుల మీద కూడా ఈమధ్య ఎర్రరంగుతో అంకెలు వేసి వెళ్లారు. రోడ్డు వెడల్పుకి గీసిన హద్దుగీతని రెండడుగులు ఇవతలికి జరిపి, ఆ రెంటినీ వదిలెయ్యమని సంబంధిత అధికారులను వేడుకుంటున్నాను.