రాగికాసు రెండవ వైపు

అమెరికాలో మా అబ్బాయి ఇంటికి వెళ్ళినప్పుడు మనవడు తన డబ్బాలోనుండి ఒక రాగినాణెం తీసి నా చేతిలో పెట్టాడు. అసలుది కాదు, నకలు. "తాతయ్యా, గవర్నమెంటు వాళ్ళు దీనిమీద తిట్టు రాశారు!" అని నవ్వాడు.

అసలు నాణెం 1787 నాటిది. నేటి రాజ్యాంగం ఇంకా అమలులోనికి రాకముందు అక్కడి కాంగ్రెసు ముద్రింపజేసినది. పైన సూర్యుడు, క్రింద నీడగడియారం, ప్రక్కన 'ఫ్యూజియో' అనే లాటిన్ మాట. 'పారిపోతున్నాను' అని అర్థం. మన క్రియాపదంలో వలెనే 'నేను' అందులోనే ఇమిడి ఉన్నది. ఆ పలికేది కాలం. అడుగున ఆంగ్లంలో 'మైండ్ యువర్ బిజినెస్'. మావాడు తిట్టనుకొన్నది ఇదే. కాలం పరుగిడుతున్నది గనుక నీ పని నీవు చూచుకొమ్మనే హితవు అని చెప్పాను. ఈ రూపకల్పన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌దని ప్రతీతి. 1776 నాటి కాగితపు నోట్లమీద కూడా ఇదే ఉన్నది.

ముద్రణ గుత్తకు తీసుకొన్న జేమ్స్ జార్విస్ 300 టన్నులకు పైగా రాగినాణేలు ఇవ్వవలసి ఉండగా, ప్రభుత్వపు రాగిని కనెక్టికట్ రాష్ట్రపు కాసులకు మళ్ళించాడు. ఖజానాకు చేరినవి సుమారు 4 లక్షల నాణేలే, అనగా 4 టన్నులు. ఒప్పందం రద్దయినది. పాపం, నాణెం చెప్పినట్లే తన పని తాను చూచుకొన్నాడు!

నవ్వబోయి ఆగిపోయాను. ఆ వాక్యం ముప్పదియేండ్లు తరగతిగదిలో నేనన్నదే. ఒకనాడు ఒక పిల్లవాడు ప్రక్కవానికి గణవిభజన మెల్లగా చెప్పుచుండగా, "నీ పని నువ్వు చూసుకోరా" అని గద్దించి దూరంగా కూర్చుండబెట్టాను. ఆ ప్రక్కవాడు పరీక్ష తప్పాడు. మరుసటి యేడు బడికి రాలేదు. అందుకు కారణాలు ఎన్నో ఉండవచ్చు. ఒక కారణం మాత్రం నేనెరుగుదును.

మనవడు నాణెం త్రిప్పి చూపాడు. వెనుక ఒకదానిలో ఒకటి దూర్చిన 13 వలయాలు, రాష్ట్రానికొకటి. నడుమ 'మేమొక్కటే' అని ఆంగ్లంలో వ్రాసి ఉన్నది.

మిత్రులారా, నాణెంమీద రెండు మాటలూ కలిసే ఉన్నవి. నేను పిల్లలకు ఒక వైపే చదివించాను. ఇప్పుడు రెండవ వైపు చదివిద్దామంటే ఆ తరగతి లేదు. మనవడున్నాడు. వానికి ముందుగా అదే చదివి చెప్పాను.