చప్పుడు మనకి ముద్దే... మరి ఎదురింటికి?

మీ ఇంట్లో మోటారు సైకిలు నడిపే కొడుకున్నాడా? వీధి మలుపులో ఆ చప్పుడు వినగానే "అదిగో, వచ్చేశాడు" అనుకుంటూ పొయ్యి మీద పెనం పెట్టే అలవాటు మీకూ ఉందా? అయితే ఈ నాలుగు మాటలూ మీకోసమే. నాకూ ఆ అలవాటుండేది. దానివెనక నేను చేసిన పొరపాటొకటి ఉందని తెలుసుకోవడానికి ఏకంగా దేశం దాటి వెళ్ళాల్సివచ్చింది.

2023 జూన్‌లో మా అబ్బాయి దగ్గరికి జర్మనీ వెళ్ళాను. మ్యూనిక్‌లో ఉద్యోగం వాడిది. నేను మోసుకెళ్ళిన ఆవకాయా, కందిపొడీ చూసి కోడలు సంబరపడితే, వాడు మాత్రం నన్ను చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్ళి కొత్తగా కొన్న మోటారు సైకిలు చూపించాడు. కొత్తగా కొన్నదే గాని బండి పాతది, సెకండ్‌హ్యాండ్. ఎంత తుడిచాడో ఏమో, పెళ్ళికూతురులా మెరిసిపోతోంది.

ఒక శని, ఆదివారాలు అందరం ఫ్యుస్సెన్ అనే ఊరికి వెళ్ళాం. క్యాలెండర్లలో కనిపించే ఆ తెల్లటి నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట ఆ పక్కనే. అక్కణ్ణుంచి కొద్ది దూరం వెళ్తే సరిహద్దు, అవతల ఆస్ట్రియా దేశంలోని టిరోల్ రాష్ట్రం. కోడలూ నేనూ కార్లో వెళ్ళాం, వాడు బండి మీద వచ్చాడు. మర్నాడు పొద్దున్నే సరిహద్దు దాటి, లెఖ్ నది లోయలోంచి 1894 మీటర్ల ఎత్తునున్న హాన్‌టెన్‌యోఖ్ కనుమ ఎక్కి, అవతల ఇమ్‌స్ట్ ఊళ్ళో దిగి సాయంత్రానికి తిరిగి రావాలని వాడి సరదా.

ఆదివారం పొద్దున్న ఉప్మా తిని బయల్దేరాడు. మధ్యాహ్నం వంట సంగతి మేమింకా ఆలోచించనైనా లేదు, తిరిగొచ్చేశాడు. మొహం కందగడ్డలా ఉంది. పడిపోయాడేమోనని నా గుండె ఝల్లుమంది. అదేం కాదు, పోలీసులు ఆపి 220 యూరోలు జరిమానా రాశారట. మన లెక్కలో దాదాపు 20 వేల రూపాయలు!

"వేగంగా వెళ్ళావా?" అన్నాను.

"లేదమ్మా. చప్పుడికి."

నాకేం అర్థం కాలేదు. కోడలు బండి కాగితం తెచ్చి, మన ఆర్.సి. లాంటిదే అది, నా పక్కన కూర్చుంది. "ఇదిగో అత్తయ్యా, యు.1 అని ఒక గడి ఉంది చూడండి. అందులో 96 అని వేసుంది. 95 డెసిబెల్స్ దాటిన బండ్లని వేసవి నెలల్లో అక్కడి కొన్ని రోడ్ల మీదికి రానివ్వరు. ఏ దేశపు బండయినా సరే" అంది.

ఆ 96 ఎలా వచ్చిందో కూడా చెప్పింది. బండిని కదలకుండా నిలబెట్టి, ఇంజను వేగం దాని పూర్తి శక్తి వేగంలో దాదాపు సగానికి పెంచి, పొగగొట్టం చివరికి అరమీటరు దూరంలో మైకు పెట్టి కొలుస్తారట. ఆ అంకెనే కాగితంలో రాస్తారు. లెఖ్ లోయా, దాని పక్క కనుమలూ ఉన్న రాయిట్టె జిల్లాలో కొన్ని రోడ్లకి 2020 జూన్ 10న ఈ నిబంధన మొదలైంది. ఆ తర్వాతి సంవత్సరాల్లోనూ బైకులు తిరిగే కాలంలో దాన్ని కొనసాగించారు. కరెంటు బండ్లకి మాత్రం ఈ బాధ లేదు.

మావాడి ఏడుపేమిటంటే, వాడు అంతకుముందే తక్కువ చప్పుడు చేసే వేరే సైలెన్సర్, అనుమతి ఉన్నదే, పెట్టించుకున్నాడు. మెల్లిగానే వెళ్ళాడు. అయినా అక్కడ లెక్కకొచ్చేది కాగితం మీది అంకే గాని, ఇవాళ బండి చేసే చప్పుడు కాదు! పైగా ఆ నిలబెట్టి కొలిచే అంకెకి అసలు హద్దంటూ లేదట. హద్దున్నది రోడ్డు మీద పోతుండగా ఏడున్నర మీటర్ల దూరంనుంచి కొలిచే చప్పుడికి. అరమీటరు అంకె ఉన్నది, తర్వాత ఎవరైనా సైలెన్సర్‌ని కెలికితే తనిఖీలో పోల్చి పట్టుకోవడానికి. అలాంటి అంకెని పట్టుకుని దారి మూసెయ్యడం అన్యాయమని బండ్లవాళ్ళ వాదన.

తల్లిని కదా, నాకూ ఉక్రోషం వచ్చింది. "ఒక్క డెసిబెల్‌కి 20 వేలా! ఇదెక్కడి చోద్యం?" అని ఆ దేశాన్నంతటినీ కడిగేశాను.

మధ్యాహ్నం కోడలు "పదండత్తయ్యా, ఆ లోయ ఎలా ఉంటుందో చూసొద్దాం" అని కార్లో తీసుకెళ్ళింది. చెప్పొద్దూ, అంత అందమైన చోటు నేను చూడలేదు. పాలనీలం రంగు నది, రెండు పక్కలా కొండలు, కిటికీలనిండా పూలకుండీలున్న చెక్క ఇళ్ళు. ఒక ఊళ్ళో బల్ల మీద కూర్చున్నాం. చర్చి గంట కొట్టడం ఆగాక నది చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతలో మోటారు సైకిళ్ళ గుంపొకటి వచ్చింది. రూలు దాటని బండ్లే అయ్యుండాలి. అయినా, ఆ చప్పుడు ఒక కొండకి కొట్టుకుని రెండో కొండ మీదికి పోయి మళ్ళీ మామీదికొచ్చినట్టయింది. లోయ ఇరుకు కదా, బయటికి పోయే దారేదీ!

పక్కింటి ముసలావిడ పూలకి నీళ్ళు పోస్తోంది. కోడలు జర్మన్‌లో పలకరించింది. ఇదివరకు ఆదివారం వచ్చిందంటే ఎండాకాలంలో కూడా కిటికీలు మూసుకుని భోంచేసేవాళ్ళమని చెప్పిందావిడ. "నాకు బండ్లంటే కోపమేం లేదు. మా అబ్బాయికీ ఉంది. కాని వచ్చేవాడు ఒక్కసారి వచ్చి వెళ్ళిపోతాడు. మాకు మాత్రం రోజంతా" అందిట.

కోడలు ఆ మాట తెలుగులో చెప్పగానే నాకు ఎదురింటి వదినగారు గుర్తొచ్చారు.

మావాడు గుంటూరులో ఇంజనీరింగు చదివే రోజులవి. స్నేహితుల మాట విని బండి సైలెన్సర్ లోపలిదంతా పీకించేశాడు. రాత్రి పదకొండింటికి వస్తుంటే వీధంతా దద్దరిల్లేది. నాకది ముద్దే! ఆ చప్పుడు వినబడితే బిడ్డ క్షేమంగా వచ్చాడని నిబ్బరం. పెనం పెట్టి రెండు అట్లు పోసేదాన్ని. అప్పుడే ఎదురింటి అన్నయ్యగారికి గుండె ఆపరేషనయి ఇంటికి తీసుకొచ్చారు. ఒకరోజు ఆ వదినగారు మా గుమ్మంలోకొచ్చి, "ఆయన ఉలిక్కిపడి లేస్తున్నారండీ, తర్వాత తెల్లవార్లూ నిద్రుండదు. బాబుకి కాస్త చెప్పండి" అని బతిమాలారు.

నేనేమన్నానో తెలుసా? "కుర్రతనం వదినగారూ, నాలుగు రోజులు పోతే వాళ్ళే మానేస్తారు" అని నవ్వేశాను. ఆవిడ మరి మాట్లాడలేదు. ఆ తర్వాత కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకోవడం దానంతటదే ఆగిపోయింది. ఏడాది తిరక్కుండా వాళ్ళు కూతురి ఊరికి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి ఈ సంగతి అబ్బాయితో అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆవిడొచ్చి అడిగారని నువ్వు నాతో చెప్పనే లేదమ్మా" అన్నాడు.

నిజమే. చెప్పలేదు. వాడు చిన్నబుచ్చుకుంటాడని నేనే మింగేశాను. జరిమానా వాడికి పడిందిగాని, పడాల్సింది నాకు.

ఇంటికొచ్చాక నంబరు సంపాదించి వదినగారికి ఫోన్ చేశాను. అన్నయ్యగారు బాగానే ఉన్నారట, పొద్దున్నే నడకకి కూడా వెళ్తున్నారట. నా గుండెల మీంచి బరువు దిగింది. విషయం చెప్పి తప్పయిపోయిందన్నాను. ఆవిడ కాసేపాగి, "ఇన్నాళ్ళకి అడిగారు, అదే చాలు వదినగారూ. మీ గుత్తి వంకాయ తిని ఎన్నేళ్ళయిందో!" అన్నారు.

మీ పిల్లలెవరైనా విదేశాల్లో మోటారు సైకిలు మీద ఊళ్ళు తిరగడానికి వెళ్తుంటే ఈ మాట చెవిన వెయ్యండి. సొంతదైనా అద్దెదైనా, బయల్దేరేముందు బండి కాగితంలో ఆ యు.1 గడి చూసుకోవాలి. అక్కడ 95 దాటితే టిరోల్ వెళ్ళేవాళ్ళు ముందే వేరే దారి ఎంచుకోవాలి. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి, ఏటేటా తేదీలూ మారొచ్చు. కాబట్టి వెళ్ళబోయేచోటి రూల్సు ఆ వారమే కనుక్కోవాలి. "మా ఊళ్ళో నడిచిందే" అంటే పక్క దేశం పోలీసు వినడు.

అక్కడిదాకా ఎందుకు, మన దేశంలో మాత్రం ఊరుకుంటారా? 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక, చప్పుడు నియమాలు మీరి బండి నడిపితే మొదటిసారికే 10 వేల రూపాయల దాకా జరిమానా, లేదా మూణ్ణెల్ల దాకా జైలు, లేదా రెండూ. లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది.

అయినా జరిమానాకి భయపడి కాదు, ఎదురింట్లో ఎవరు పడుకున్నారో తలుచుకుని చెబుదాం. కొడుకు వస్తున్నాడని తెలియడానికి వీధంతా అదరాలా ఏమిటి? "బయల్దేరానమ్మా" అని ఒక్క ఫోన్ కొడితే, పెనం మనం పెట్టమూ!