పుర్రచేతి తుపాకీ

బోల్టు తుపాకీ పనితీరు ఎరుగని చదువరుల కోసం ముందుగా నాలుగు మాటలు. ఒక తూటా పేలిన తరువాత రెండవది తనంత తానుగా గొట్టంలోకి రాదు. తలుపు గడియవంటి ఒక ఉక్కు కడ్డీని పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, మళ్ళీ కిందికి దించాలి. వెనక్కి లాగినప్పుడు ఖాళీ తూటా బయటికి ఎగిరిపోతుంది. ముందుకు తోసినప్పుడు కొత్తది లోపలికి వెళ్ళి కూర్చుంటుంది. దించినప్పుడు గడియ పడుతుంది. ఈ గడియకుండే పిడి, బహు కొద్ది తుపాకులకు తప్ప, అన్నిటికీ కుడివైపునే ఉంటుంది.

నా తుపాకీ ఆ బహు కొద్దిటిలో ఒకటి. దాని గడియ ఎడమవైపున ఉంటుంది. .375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నం అనే పెద్ద తూటాకు చేసినది. ఏ కంపెనీదో చెప్పను. ఇది ప్రకటన కాదు గదా! "టెక్సాసులో కాపురం ఉంటే ఉన్నావు గాని, ఏనుగులను కొట్టే తుపాకీ నీకెందుకయ్యా, అందులోనూ ఎడమచేతిది?" అని మిత్రులు అడుగుతుంటారు. పైకి రెండు ప్రశ్నలుగా కనిపించినా వాటికి సమాధానం ఒక్కటే. అది చెప్పడానికే ఈ టపా.

మా ఇంట్లో పుర్రచేయి నా ఒక్కడికే వచ్చింది. అక్షరాలు దిద్దించిన పంతులుగారు బెత్తంతో దానిని పలక మీదినుంచి తప్పించారు. "అన్నం తినే చెయ్యి ఏదిరా నాన్నా?" అంటూ నాయనమ్మ కంచం దగ్గర నుంచి తప్పించింది. ఇచ్చిపుచ్చుకోవడానికి కుడిచెయ్యి, దండం పెట్టి హారతి అద్దుకోవడానికి కుడిచెయ్యి. చివరికి ఎడమచేతికి మిగిలినవి రాయి విసరడం, గోలీలాట. ఇందులో ఎవరినీ తప్పుపట్టను. ఆ కాలంలో ప్రతి ఇంటా జరిగినదే. అయితే వారంతా మరచినది ఒకటున్నది. కంటికి బెత్తం తగలదు.

చేతులకు ఉన్నట్లే కళ్ళకూ వాటం ఉంటుంది. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్ళూ తెరిచి ఆ సందులోంచి దూరాన ఉన్న దీపస్తంభాన్ని చూడండి. ఇప్పుడు ఒక్కొక్క కన్నే మూయండి. ఏ కన్ను మూస్తే స్తంభం సందులోంచి తప్పుకుంటుందో, ఆ కన్నే మీకు యజమాని. నా యజమాని ఎడమకన్ను. తుపాకీని ఆ కంటికి తిన్నగా పెట్టాలంటే ఎడమ భుజానికే ఆనించాలి. ఎడమ భుజానికి ఆనిస్తే మీట మీద ఉండేది ఎడమచేతి వేలే.

ఇక కుడిచేతి తుపాకీతో ఏమవుతుందో చూడండి. ఒక తూటా పేల్చాను. గడియ కుడివైపున ఉన్నది. తుపాకీ బరువు మోస్తున్న కుడిచేతిని వదలి గడియ తీయబోతే గొట్టం నేలచూపులు చూస్తుంది. ఎడమచేతినే పైనుంచి అవతలికి చాపితే నా చెయ్యే నా చూపుకు అడ్డం వస్తుంది. ఎలా చేసినా తుపాకీ భుజం మీది నుంచి కదులుతుంది, లక్ష్యం కంటిలోంచి జారిపోతుంది. పైగా ఎడమ భుజం మీద కాల్చేవాడి ముఖం తుపాకీకి కుడిపక్కన ఉంటుంది. తూటా ఎగిరే కిటికీ కూడా ఆ పక్కనే. ఏ తూటా అయినా లోపల చిట్లితే ఆ వేడి ఆవిరి వచ్చేది ముఖం ఉన్న వైపునకే.

కాగితపు గురిని కొట్టేవాడికి ఇవేవీ పెద్ద ఇబ్బందులు కావు. కాగితం పరుగెత్తదు, దానికి నొప్పి లేదు. ఒక గుండుకూ మరొక గుండుకూ నడుమ కాఫీ తాగి రావచ్చు. ప్రాణమున్న జంతువు ముందు నిలబడినప్పుడే లెక్క మారుతుంది.

పదిమందిలో ఒకరు ఎడమచేతివాటం వారని అంటారు. పెద్ద తూటాలు కాల్చేవారే తక్కువ, వారిలో పదోవంతు ఇంకా తక్కువ. వ్యాపారికి అది గిట్టుబాటు కాని బేరం. అమెరికాలో సావేజ్ కంపెనీ 1950ల చివర తన 110 రకంలో ఎడమచేతివారికి కూడా తయారుచేసింది. కార్ఖానాలో వరుసగా తయారైన అటువంటి వాటిలో అది తొలినాటిది. ఆ తరువాత మరికొందరు చేశారు. అయినా .375 కావాలంటే దుకాణంలో వంద కుడిచేతివి కనిపించే చోట ఎడమచేతిది ఒకటి కనిపిస్తే అదృష్టం. నేను రెండేళ్ళు వెదికి, వాడినది ఒకటి కొన్నాను. 4473 అనే ఫారం నింపి, వారు నా పుట్టుపూర్వోత్తరాలు విచారించుకున్నాక చేతికిచ్చారు. అప్పటినుంచి తుపాకీ ఉక్కు బీరువాలోను, తూటాలు వేరే పెట్టెలోను తాళాలలో ఉంటాయి.

దుకాణంలో మొదటిసారి దానిని భుజానికెత్తి గడియ తీసి వేసినప్పుడు కలిగిన అనుభూతిని చెప్పడం కష్టం. పుట్టినప్పటినుంచి ఎదురుగాలిలో సైకిలు తొక్కినవాడికి గాలి ఒక్కసారిగా ఆగిపోతే ఎలా ఉంటుందో అలా ఉన్నది. కొయ్యమీద చెంప ఆనే గుబ్బ నా చెంప వైపున ఉన్నది. బొటనవేలు వెదకకుండానే సేఫ్టీ దొరికింది. కన్ను గురి మీదినుంచి కదలలేదు.

ఇక తూటా సంగతి. లండనులోని హాలండ్ అండ్ హాలండ్ వారు 1912లో దీనిని విడుదల చేశారు. గుండు వ్యాసం .375 అంగుళాలు, అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. నేను వాడే గుండు 300 గ్రెయిన్లు, మన లెక్కలో తులంన్నరకు కొంచెం ఎక్కువ. అది సెకనుకు సుమారు 770 మీటర్ల వేగంతో గొట్టం దాటుతుంది. ధ్వని వేగానికి రెట్టింపు కన్న ఎక్కువ. అంత బరువును అంత వేగంతో ముందుకు పంపిన తుపాకీ ఊరకే ఉండదు, తన్నుతుంది. అందరికీ తెలిసిన .30-06 తన్నుకు ఇది దాదాపు రెట్టింపు. దుర్భిణిని కంటికి మరీ దగ్గరగా బిగిస్తే కనుబొమ్మ చీలుతుంది.

తన్ను భుజానికి కలిగించే నొప్పి కన్న మనసుకు నేర్పే భయం ప్రమాదకరమైనది. పేలబోతున్నదని తెలిసిన శరీరం పేలకముందే ముడుచుకుంటుంది, కన్ను మూసుకుంటుంది, గుండు గతి తప్పుతుంది. దానికి మందు ఓపిక ఒక్కటే. రోజుకు పది తూటాలకు మించి కాల్చను. బల్లమీద కూర్చుని కాల్చితే తన్ను మొత్తం భుజమే మోయాలి. నిలబడి కాల్చితే నడుము వెనక్కి ఊగి కొంత పంచుకుంటుంది. ఇంట్లో డమ్మీ తూటాలతో, గడియ తీసి వేసే సాధన వేలసార్లు చేశాను. చూపు కదలకుండా రెండవ తూటా ఎక్కించడం చేతికి ఊపిరి పీల్చినంత అలవాటు కావాలి.

ఇంత సాధన దేనికంటే మనుబోతు కోసం. హిందీలో నీల్‌గాయ్ అంటారు. మన దేశపు జంతువే. గత శతాబ్దపు పూర్వార్ధంలో దక్షిణ టెక్సాసులోని కింగ్ రాంచ్‌లో దీనిని తెచ్చి వదిలారు. సముద్రపు ఒడ్డున ఇసుక నేలలు, మన సర్కారు తుమ్మకు దాయాది అయిన మెస్కీట్ పొదలు దానికి నచ్చాయి. వేలుగా పెరిగింది. పశువులకు జ్వరం తెచ్చే పిడుదులను మోసుకొని రియో గ్రాండే ప్రాంతమంతా తిరుగుతుంది గనుక రైతులకూ, ప్రభుత్వానికీ అది తలనొప్పి. అక్కడ దానికి వేట నిషేధకాలం లేదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సాధారణంగా దానిని వేటాడనివ్వదు. సముద్రం దాటితే ఒకే ప్రాణికి న్యాయం మారింది. దీనిని గురించి ఆలోచించకుండా తుపాకీ ఎత్తలేదు.

మనుబోతు మొండి జంతువు. మగది రెండు వందల కిలోలు దాటుతుంది. గుండె, ఊపిరితిత్తులు ముందుకాళ్ళ నడుమ బాగా కిందుగా ఉంటాయి. చిన్న గుండు తగిలితే పొదలలో పడి మైళ్ళు పోతుంది. .375 అందుకే.

ఆ రోజు దూరం నూట నలభై గజాలు. కర్రల ఆసరా మీద నిలబడి కాల్చాను. గుండు సరియైన చోటనే తగిలింది. అయినా అది కూలలేదు, ఒక్క కుదుపు కుదిపి పొదలవైపు తిరిగింది. తుపాకీ భుజం దిగలేదు. పంతులుగారు పలక మీదినుంచి తప్పించిన ఆ చెయ్యి తనంతట తానే గడియ తీసి వేసింది. రెండవ గుండుకు మనుబోతు మోకాళ్ళ మీద వంగి, పక్కకు ఒరిగి, ఆగిపోయింది. దగ్గరకు వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను. విజయమనిపించలేదు. ఒక పని సగంలో ఆగకుండా పూర్తయిందని మాత్రం అనిపించింది. మాంసం అంతా నాలుగు ఇళ్ళకు చేరింది.

ఆ ఆదివారం ఊరికి ఫోను చేసి నాన్నగారికి చెప్పాను. పుర్రచేతి మాట ఎత్తుతారనుకున్నాను. ఎత్తలేదు.

"ఒక్క దెబ్బకు పడిందట్రా?"

"లేదు నాన్నగారూ. రెండోది వేయవలసి వచ్చింది."

"రెండిటికీ నడుమ ఎంతసేపు?"

"రెండు సెకన్లు ఉంటుందేమో."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పారు. ఆయన చిన్నతనంలో, చట్టం రాకముందు, ఊళ్ళో ఒకాయన నాటు తుపాకీతో ఒక మనుబోతును కొట్టాడట. మళ్ళీ మందు కూరి తూటా బిగించేలోగా అది పారిపోయి మా జొన్నచేలో పడింది. ఎక్కడున్నదో దొరకలేదు. మూడు రాత్రులు దాని మూలుగు ఇంటికి వినిపించిందట. "రెండు సెకన్లయితే సరేలే" అన్నారు. మిత్రులకు నేనివ్వదలచిన సమాధానం ఆయన ఆ ప్రశ్నలోనే ఉన్నది. ఎడమవైపు గడియ నాకు విలాసం కాదు. ఆ మూడు రాత్రులను రెండు సెకన్లు చేసే పనిముట్టు.

రెండు చేతులా విల్లు లాగగలవాడు గనుక అర్జునుడిని సవ్యసాచి అన్నారు. గాండీవానికి గడియ లేదు, ఆయనకు చెల్లింది. మనబోటివారికి రైతుల మాటే మేలు. కాడికి ఎడమవైపు కట్టేది దాపటెద్దు, కుడివైపు కట్టేది వలపటెద్దు. దాపటెద్దును తక్కువదని ఏ రైతూ అనగా నేను వినలేదు. దానిని దాని వైపున కట్టి దున్నుకుంటారు, అంతే.