పిలుపు వచ్చిన వేళ

గత సంవత్సరం మేమిద్దరు మిత్రులము కలిసి మా కళాశాల గ్రంథాలయానికి, పుస్తకాల రాకపోకలను నమోదు చేసే చిన్న ప్రోగ్రామును సీ భాషలో వ్రాసి ఇచ్చాము. లినక్స్‌పై నడిచే ఆ ప్రోగ్రామును చూచి అధ్యాపకులు మెచ్చుకొన్నారు. మా గర్వానికి మేర లేకపోయింది. ఆ గర్వం ఎక్కువ కాలం నిలువలేదు.

ప్రతి సాయంకాలం గ్రంథపాలకులవారు కంట్రోల్, సి మీటలను కలిపి నొక్కి ప్రోగ్రామును ముగించేవారు. అట్లా నొక్కినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రామునకు సిగింట్ అనే సంకేతాన్ని పంపుతుంది. అది అందగానే నడిచే ఫంక్షనును హ్యాండ్లరు అంటారు. మిగిలిన నమోదులను ఫైలులో వ్రాయడం, తెరపై వీడ్కోలు ముద్రించడం, ప్రోగ్రామును ముగించడం, ఈ భారమంతా మేము ఆ హ్యాండ్లరుపైనే మోపాము.

ఒకనాడు నమోదు సాగుతుండగానే మీటలు నొక్కారు. ప్రోగ్రాము కదలక మెదలక నిలిచిపోయింది. కరెంటు ఆపివేయవలసి వచ్చింది. తరువాతి వారం ఒక పేద విద్యార్థి, తిరిగి ఇచ్చిన పుస్తకానికే జరిమానా చెల్లించాడు. అతడెంత మొరపెట్టుకొన్నా కంప్యూటరు మాటకే విలువ దక్కింది. కొన్నాళ్లకు ఆ పుస్తకం అలమారలోనే కనబడింది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

కారణం వెదికాము. గుమాస్తా రిజిస్టరులో ఒక పద్దు సగం వ్రాసి ఉండగా, మరొకరు వచ్చి అదే పుటలో వ్రాయడం మొదలుపెడితే ఏమవుతుంది? ప్రింట్‌ఎఫ్, మాలాక్ వంటి ఫంక్షన్లు తమ లోపలి లెక్కలను సగం మార్చి ఉండగా హ్యాండ్లరు వాటినే మరల పిలిస్తే జరిగేదీ అదే. కాబట్టి హ్యాండ్లరు చేయవలసినది ఒక్కటే: వోలటైల్ సిగ్ అటామిక్ టి రకపు గుర్తును 1 చేసి మరలిపోవడం. ఆ గుర్తును చూచి పని ముగించే బాధ్యత ప్రధాన ప్రోగ్రాముది.

సిగ్నల్ అనే ఫంక్షనును కూడ విడిచిపెట్టాము. పాత యూనిక్స్‌లో ఒక్క సంకేతం అందగానే ఆ ఏర్పాటు రద్దయ్యేది. 1983 నాటి బర్కిలీ యూనిక్స్‌లో నిలిచి ఉండేది. ఈ సందిగ్ధాన్ని 1988 నాటి పోసిక్స్ ప్రమాణంలోని సిగ్‌యాక్షన్ తొలగించింది.

మరొక చిక్కు మిగిలింది. గుర్తును చూచిన తరువాత, మీటల కోసం ఎదురుచూడడానికి ముందు, ఆ రెప్పపాటులో సంకేతం వస్తే? గుర్తు మారినా ప్రోగ్రాము నిద్రలోనే ఉంటుంది. అందుకని సంకేతాన్ని సిగ్‌ప్రాక్‌మాస్క్‌తో ముందుగానే అడ్డగించి, ఎదురుచూచే వేళ మాత్రమే దానికి తలుపు తెరిచే పీసెలెక్ట్‌ను వాడాము.

అయినా తొమ్మిదవ సంకేతమైన సిగ్‌కిల్‌ను ఏ హ్యాండ్లరూ పట్టలేదు. కరెంటు పోయేటప్పుడు ఏ సంకేతమూ రాకపోవచ్చు. అందుచేత ఇప్పుడు ప్రతి నమోదును అప్పటికప్పుడే వ్రాసి, ఎఫ్‌సింక్‌తో డిస్కుకు చేరుస్తున్నాము. అన్నీ చివరి క్షణంలో సర్దుకొందామనుకోవడమే మా అసలు తప్పు.

ఆ విద్యార్థిని వెదికి క్షమాపణ కోరాము. గ్రంథపాలకులవారు జరిమానా తిరిగి ఇప్పించారు. "ఇచ్చానని ఆనాడే అన్నాను గదా, భాయ్" అని మాత్రం అతడన్నాడు. సోదర విద్యార్థులారా, ప్రోగ్రాము తప్పును సవరించడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. ఆ మాటకు బదులు చెప్పడం మాకు నేటికీ చేతకాలేదు.