సగం కిటికీ

2025 జూన్ 2
కరెంటు అయిదింటికి వచ్చింది, తొమ్మిదింటికి పోయింది. ఆ కాసేపట్లోనే పై ట్యాంకు నిండాలి, అన్నం ఉడకాలి, ఫోను ఛార్జవ్వాలి. ఇప్పుడు వీధి పొడవునా జనరేటర్లు. మాట్లాడుకోవాలంటే మెట్ల దగ్గరికి పోవాలి.

జూన్ 4
వాటా కొలిచాను. వెడల్పు పన్నెండున్నర అడుగులు, పొడవు యాభై. యాంగోన్ నడిబొడ్డున ఎవరినడిగినా చాలావరకు ఇదే కొలత చెబుతారు. మాది మాత్రం ఆ కొలతకి కట్టింది కాదు. ఒక వర్తకుడి కుటుంబానికి కట్టిన హాలు. ఎప్పుడో నిలువునా చెక్కగోడ పెట్టి రెండు చేశారు. పైకప్పు పదహారడుగుల ఎత్తు. చెక్కగోడ పది దగ్గర ఆగింది. పక్కవాటాలో ఎండుచేప వేగితే మా ఇంట్లోనూ వేగినట్టే.

గోడ సరిగ్గా కమాను కిటికీ మధ్యకొచ్చి తగిలింది. సగం మాకు, సగం పక్కవాటా మామ్మకి. పైన రంగు అద్దాలు. ఆకుపచ్చవి మావైపు, ఎర్రవి ఆవిడవైపు. కిటికీ తియ్యాలంటే ఇద్దరం ఇంట్లో ఉండాలి.

జూన్ 5
మామ్మ పుట్టింది ఇక్కడే. శ్రీకాకుళం ఎన్నడూ చూడలేదు. మాట మాత్రం అచ్చం అక్కడిదే.
"అరవై నాలుగులో మావోలందరూ ఎలిపోనారు. నాను ఉండిపోనాను."
"ఎందుకు మామ్మా?"
"మా ఇంటాయన బర్మావోడు కదేటి."

జూన్ 8
ప్రతి బాల్కనీ నుంచీ ఒక తాడు. కింద కొసకి క్లిప్పు, పై కొసకి గంట. పేపరు, బిల్లు, కొత్తిమీర కట్ట, మందు చీటీ అన్నీ అలాగే వస్తాయి. ఈరోజు మా తాడుకి పక్కవీధి వాళ్ళ పెళ్ళి శుభలేఖ తగిలించి పోయారు. మామ్మ చదివించుకుని, తాడుకే తిరిగి కట్టి కిందికి దించింది. ఎవరిదో వాళ్ళు చూసుకుంటారట. సాయంత్రానికి లేదు.

జూన్ 11
మెట్ల కింద ఇనుప దూలం. పెచ్చులూడిన చోట పోతపోసిన ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి. గ్లాస్గో. ఇనుము ఆ ఊరిది. ఇరావతి మీద పడవలు నడిపిన కంపెనీ ఆ ఊరిదే, బర్మా ఆయిల్ కంపెనీ పుట్టిందీ అక్కడే. ఓడలోంచి ఈ దూలాన్ని దించిన భుజాలు ఏ ఊరివో దాని మీద లేదు. రేవులో కూలి పనంతా ఎక్కువగా మనవాళ్ళదే అప్పట్లో. కోరంగీలని పిలిచేవారు, భీమిలిలో ఓడెక్కినా, కాకినాడలో ఎక్కినా.

జూన్ 13, శుక్రవారం
అనోయతా రోడ్డులో కాళీ గుడి. అరవవాళ్ళు కట్టింది, పందొమ్మిదో శతాబ్దపు గుడి. గోపురం మీద పావురాలు, గోపురం కింద పావురాలకి గింజలమ్మే పిల్ల. అక్కడినుంచి ఇరవయ్యారో వీధిలో యూదుల సినగాగు, ముప్ఫయ్యో వీధిలో మొఘల్ షియా మసీదు. అన్నీ పబేడాన్ పేటలోనే, అన్నీ నడక దూరమే. తిరిగొస్తుంటే వాన. సినగాగు గేటు పక్కన నిలబడ్డాను. అక్కడి కాపలాతను కుర్చీ జరిపాడు.

జూన్ 17
ఇ.జె.ఎల్. ఆండ్రూ 1933లో రాసిన 'ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్' చదువుతున్నాను. మేస్త్రీ ముందు అప్పిస్తాడు, ఓడెక్కిస్తాడు, కూలిలోంచి కోసుకుంటాడు. కూలీల బసలకి మునిసిపాలిటీ లైసెన్సు ఉండేది. గదికి ఇంతమందే అని లెక్క. లెక్కకి మించి పడుకునేవారు. 1931లో ఈ ఊరి జనాభా నాలుగు లక్షల పైచిలుకు, అందులో సగానికి పైగా భారతీయులు.

మా ముత్తాత కూడా రంగం, అంటే ఈ ఊరే, వచ్చినవాడే. ఇంట్లో అంతవరకే తెలుసు. ఏ వీధి, ఏ మేస్త్రీ, ఎవరూ చెప్పలేదు. రాత్రి చెక్కగోడకి ఆనుకుని పడుకుంటే ఇక్కడ ఎందరు పడుకుని ఉంటారో అనిపించింది. నిద్ర రాలేదు.

జూన్ 18
అదే పుస్తకం, అదే రోజులు. 1930 మే 5న పెగూ భూకంపం. రంగూన్‌లోనూ ఇళ్ళు కూలాయి, మనుషులు పోయారు. అదే నెల రేవులో తెలుగు కూలీల సమ్మె. వాళ్ళ చోట బర్మా కూలీలను పెట్టారు. సమ్మె తెగాక ఆ బర్మావాళ్ళని పొమ్మన్నారు. మే 26న కొట్లాట మొదలైంది. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళు. ఇటూ కూలికి వచ్చినవాళ్ళే, అటూ కూలికి వచ్చినవాళ్ళే.

మామ్మకి వాళ్ళమ్మ చెప్పిందట. మూడు రోజులు తలుపు వెనక బియ్యం బస్తాలు పేర్చుకుని కూర్చున్నారని. ఏ తలుపని అడిగాను. "అది మరి అడగనేదు" అంది.

జూన్ 22
వాన. ఇక్కడ ఏడాదికి వంద అంగుళాలు దాటుతుంది, అందులో సింహభాగం ఈ నాలుగైదు నెలల్లోనే. వెనక గోడలో రావి మొక్క నిరుటికన్నా జానెడు పెరిగింది. వేరు ఇటుకలోకి దిగింది. పీకేస్తే గోడ నిలుస్తుంది. మామ్మ పీకనివ్వదు. మొక్క మొదట్లో గ్లాసు నీళ్ళు పెట్టి ఉంది. ఇంత వానలో.

జూన్ 29
మార్చి 28న సగైంగ్ దగ్గర 7.7 భూకంపం వచ్చినప్పుడు ఇక్కడ దీపాలు ఊగాయి, అంతే. మాండలేలో ఎన్ని ఇళ్ళు పోయాయో. అప్పటినుంచి పై వాటా అతను ప్రతి ఆదివారం మెట్ల పగులు పక్కన పెన్సిలుతో గీత గీసి తేదీ వేస్తున్నాడు. పగులు ఈ వారం కదల్లేదు. అతను అది చెప్పినప్పుడు మెట్ల మీదున్న అందరం కాసేపు కూర్చున్నాం.

జూలై 3
వాసో పండగ దగ్గరపడింది. భిక్షువులకి కొత్త కాషాయాలు కొంటున్నారు. తెయింజీ బజార్లో అడుగు పెట్టే చోటు లేదు. మామ్మ ఇంట్లో బుద్ధుడు, పక్కన సింహాచలం అప్పన్న పటం. రెండింటికీ ఒకే పూలు.

జూలై 6
మామ్మ చెల్లెలు విశాఖ కంచరపాలెంలో, బర్మా క్యాంపులో ఉంటుంది. ఫోను నేను పట్టుకుంటాను. బొమ్మ ఆగిపోతూ వచ్చింది.

అక్కాచెల్లెళ్ళు అరవై నాలుగు సంగతులు మాట్లాడుకున్నారు. మార్చిలో దుకాణాలు సర్కారు తీసేసుకుంది. మే 17న యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. వాళ్ళ నాన్న దాచినవన్నీ వంద నోట్లే. తర్వాత కొన్నేళ్ళలో సుమారు మూడు లక్షలమంది వెళ్ళిపోయారు. ఓడ దగ్గర ఒంటి మీది బంగారం తూచి, మిగిలింది తీసుకున్నారు. చెల్లెలు ముక్కుపుడక నోట్లో దాచుకుందట. అదిప్పటికీ ఉంది. ఫోనుకి దగ్గరగా పెట్టి చూపించింది. మామ్మకి కనబడలేదు. కనబడిందని చెప్పింది.

జూలై 9
మెట్ల మీద సమావేశం. ఇల్లు కూల్చి పన్నెండంతస్తులు లేపుతామని ఎవరో అడుగుతున్నారు. పాత వాటాదారులకి కొత్త దాంట్లో చోటిస్తారట. లిఫ్టు ఉంటుంది. మామ్మకి మోకాళ్ళు నొప్పి.

1996లో ఊరు వారసత్వ భవనాల జాబితా వేసింది, 189. ఎక్కువగా సర్కారు ఆఫీసులు, గుళ్ళు, చర్చిలు, మసీదులు. మాది లేదు. 2012లో థాంట్ మింట్ ఊ మొదలుపెట్టిన యాంగోన్ హెరిటేజ్ ట్రస్టు వాళ్ళు కొన్ని భవనాలకి నీలం ఫలకాలు పెట్టారు. బాగుంటాయి. ఆగి చదువుతాను. దూలం దించినవాళ్ళకి ఫలకం ఎక్కడా చూడలేదు. ఉండాలి. ఇది నా ఇల్లు కాదు, అద్దెకున్నదాన్ని. అయినా ఉండాలి.

జూలై 10
ఇల్లంటే ఇటుకలు కాదని చెబుతుంటారు. ఈ ఇంట్లో ఇటుకలు కూడా కావాలి. చెక్కగోడ కూడా.

జూలై 12
ఇంటి పటం గీయడం మొదలుపెట్టాను. గళ్ళ కాగితం, టేపు. ఏ గది ఎలా తెగింది, ఎవరెవరు ఎప్పటినుంచి ఉంటున్నారు, పాత తలుపులు ఏవి, మేకులు కొట్టి మూసినవి ఏవి. పై వాటా అతను టేపు రెండో కొస పట్టుకుంటున్నాడు. పక్కవాటా కొలతలు మామ్మ తనే చెప్పింది, జానలతో. మూలనున్న మూసిన తలుపు పాత వంటింటిదట, దాని వెనక పనివాళ్ళ మెట్లు.

జూలై 13
పనివాళ్ళ మెట్లు దొరికాయి. సన్నవి, ఇనుపవి, వెనక సందులోకి దిగుతాయి. కింది మూడు మెట్లు లేవు. లెక్క వేసుకున్నాను, కాగితం మీద పెట్టాను. కింది అంతస్తులో గొడుగుల గోదాము. దాని యజమాని లోపల కొలవనివ్వడం లేదు, సరుకు జరపడానికి మనుషుల్లేరట. శనివారం పై వాటా అతనూ నేనూ వెళ్ళి జరుపుతామని చెప్పాను. ఆలోచిస్తానన్నాడు.